మోటరోలాను గూగుల్ ఎందుకు కొన్నది, ఎందుకు అమ్మింది? – ఫోన్ కంపెనీలు చేతులు మారడం గురించి చర్చ

అనంత వాణిజ్యం:
సభ్యులందరికీ నమస్కారం. నేను ఎం.కాం. రెండో సంవత్సరం చదువుతున్నాను. కంపెనీల కొనుగోళ్లు, విలీనాల మీద ఒక సెమినార్ పత్రం రాయవలసి వచ్చింది, అందుకు గూగుల్–మోటరోలా వ్యవహారాన్ని ఎంచుకున్నాను. 2011 ఆగస్టు 15న మోటరోలా మొబిలిటీని 1,250 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు గూగుల్ ప్రకటించింది. షేరుకు 40 డాలర్లు ఇస్తామన్నారు, అది అప్పటి మార్కెట్ ధర మీద 63 శాతం ఎక్కువ. 2012 మే నెలలో కొనుగోలు పూర్తయింది. ఆ తరువాత ఇరవై నెలలకే, 2014 జనవరి 29న, ఆ ఫోన్ల వ్యాపారాన్ని చైనా కంపెనీ లెనోవోకు 291 కోట్ల డాలర్లకు అమ్ముతున్నట్లు చెప్పింది. మా తరగతిలో అందరూ దీన్ని పెద్ద పొరపాటుగానే చెప్పుకుంటున్నారు. అంత తెలివైన యాజమాన్యం అంత సొమ్ము నిజంగా పోగొట్టుకుందా, లేక మనకు కనబడని లెక్క ఇందులో ఏదైనా ఉందా? తెలిసిన పెద్దలు వివరించగలరని కోరుతున్నాను.

లెక్కల పద్దు:
అమ్మా, ముందుగా 1,250 నుంచి 291 తీసివేసి మిగిలినదంతా నష్టమని రాయకండి. నేను ముప్పై ఏళ్లు ఆడిటింగులో పనిచేసినవాణ్ణి, కొనుగోలు ధర చూసిన వెంటనే అందులో ఏమేమి కలిసి వచ్చాయో విడదీయడం నాకు అలవాటైపోయింది.

మోటరోలా మొబిలిటీ చేతికి వచ్చిన రోజున దాని ఖజానాలో దాదాపు 290 కోట్ల డాలర్ల నగదు ఉంది. ఆ నగదు కూడా గూగుల్‌కే చేరింది. కాబట్టి అసలు ఖర్చు 960 కోట్లని మొదట అనుకోండి. మోటరోలాలో ఫోన్లతో పాటు ఇళ్లలో టీవీలకు పెట్టుకునే సెట్‌టాప్ బాక్సుల వ్యాపారం ఒకటి ఉండేది. 2012 డిసెంబరులో దాన్ని ఆరిస్ అనే కంపెనీకి 235 కోట్ల డాలర్లకు అమ్మడానికి గూగుల్ ఒప్పుకుంది, అందులో కొంత నగదు, కొంత ఆరిస్ షేర్లు. ఇక్కడికి 725 కోట్లు. లెనోవో ఇచ్చిన 291 కోట్లు కూడా తీసివేస్తే 434 కోట్లు మిగులుతాయి.

ఈ 434 కోట్లకు గూగుల్ దగ్గర ఏం మిగిలింది అన్నదే మీ పత్రానికి అసలు ప్రశ్న. లెనోవోకు వెళ్లినవి రెండు వేల పైచిలుకు పేటెంట్లు (కొత్తగా కనిపెట్టినవాటి మీద హక్కులు), మోటరోలా అనే పేరు, ఫోన్ల తయారీ సిబ్బంది. కొన్ననాటికి మోటరోలాకు మంజూరైన పేటెంట్లు సుమారు 17,000, దరఖాస్తులో ఉన్నవి మరో 7,500. వాటిలో అత్యధిక భాగాన్ని గూగుల్ తన దగ్గరే ఉంచుకుని, వాడుకునే అనుమతి మాత్రం లెనోవోకు ఇచ్చింది. గూగుల్ తన పద్దుల్లో కూడా మోటరోలా పేటెంట్లకూ సాంకేతికతకూ కలిపి 550 కోట్ల డాలర్ల విలువ కట్టింది. ఫోన్ కంపెనీని ఎవరైనా కొన్నారని వింటే, తిరిగి అమ్మిన రోజున తమ దగ్గర ఏం ఉంచేసుకున్నారో చూడాలని నేను అనుకుంటాను. కొన్న కారణం అక్కడ దొరుకుతుంది.

అనంత వాణిజ్యం:
ధన్యవాదాలండీ. ఈ తీసివేత మా పుస్తకాల్లో ఎక్కడా కనబడలేదు. అయితే పేటెంట్ల కోసం అంత ఖర్చు పెట్టవలసిన అవసరం ఏమిటి? ఆండ్రాయిడ్ గూగుల్ సొంతమే కదా?

న్యాయ పీఠిక:
నేను హైదరాబాదులో మేధోసంపత్తి హక్కుల వ్యవహారాలు చూస్తుంటాను కాబట్టి ఈ భాగం నేను చెప్పవచ్చనుకుంటున్నాను.

ఆండ్రాయిడ్ గూగుల్‌దే అయినా, దాన్ని ఫోనులో పెట్టి అమ్మేది శాంసంగ్, హెచ్‌టీసీ, మోటరోలా వంటి సంస్థలు. దావా వేయదలచుకున్నవాళ్లు ఆండ్రాయిడ్‌ను ఉచితంగా పంచిపెడుతున్న గూగుల్ కంటే ముందు, ఫోన్లు అమ్మి డబ్బు చేసుకుంటున్న ఈ సంస్థల మీదనే పడతారు. ఆండ్రాయిడ్‌లో తన పేటెంట్లు ఉన్నాయన్న మైక్రోసాఫ్ట్‌కు 2010లో హెచ్‌టీసీ రాయల్టీ (వాడుక రుసుము) కట్టడానికి ఒప్పుకుంది, అదే ఏడాది అక్టోబరులో మైక్రోసాఫ్ట్ మోటరోలా మీద దావాకు దిగింది. 2011 సెప్టెంబరులో శాంసంగ్ కూడా ఒప్పందానికి వచ్చింది, తరువాత 2013లో ఒక్క ఏడాదికి ఆ సంస్థ మైక్రోసాఫ్ట్‌కు 100 కోట్ల డాలర్ల పైనే కట్టిన సంగతి కోర్టు పత్రాల్లో బయటపడింది. ఉచితంగా ఇచ్చే వస్తువు మీద పక్కవాడు పన్ను వసూలు చేసుకుంటుంటే, ఆ వస్తువును తయారీదారులు ఎంత కాలం వాడతారు? గూగుల్‌కు పట్టుకున్న భయం అది.

ఆ సమయంలోనే కెనడాకు చెందిన టెలికాం పరికరాల సంస్థ నార్టెల్ దివాలా తీసి, తన దగ్గరున్న సుమారు 6,000 పేటెంట్లను వేలానికి పెట్టింది. గూగుల్ 90 కోట్ల డాలర్లతో పాట మొదలుపెట్టింది. 2011 జూన్ నెలాఖరున ఆ వేలం ముగిసేసరికి ఆపిల్, మైక్రోసాఫ్ట్, రిమ్ (బ్లాక్‌బెర్రీ తయారీదారు), సోనీ, ఎరిక్సన్, ఈఎంసీ కలిసికట్టుగా 450 కోట్ల డాలర్లకు పాడుకుని వెళ్లిపోయాయి. గూగుల్ ఒట్టి చేతులతో మిగిలింది. ఆరు వారాలు గడిచాయో లేదో మోటరోలా ప్రకటన వచ్చింది. మీ పత్రంలో ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టండి, వేరే వ్యాఖ్యానం అవసరం ఉండదు.

మోటరోలా వైపు నుంచి కూడా ఒత్తిడి ఉంది. పేటెంట్ల నుంచి సొమ్ము రాబట్టాలని కార్ల్ ఐకాన్ అనే పెద్ద వాటాదారు బహిరంగంగానే కోరుతుండేవారు. మోటరోలా తన పేటెంట్లతో ఇతర ఆండ్రాయిడ్ తయారీదారుల మీదికే వెళ్లి ఉంటే గూగుల్‌కు ఇంట్లోనే నిప్పు రాజుకునేది.

లెక్కల పద్దు:
న్యాయ పీఠిక గారి మాటకు నా లెక్క చక్కగా అతుకుతున్నది. నార్టెల్ 6,000 పేటెంట్లకు 450 కోట్లు, ఇక్కడ దాదాపు మూడు రెట్ల పేటెంట్లకు 434 కోట్లు.

న్యాయ పీఠిక:
క్షమించాలి, అక్కడ మీతో నేను ఏకీభవించలేను. పేటెంట్లను ధాన్యం బస్తాల్లా లెక్కపెట్టకూడదు. మోటరోలా పేటెంట్లలో బలమైనవని చెప్పుకున్నవి చాలావరకు ప్రమాణాలకు సంబంధించినవి. అంటే వైఫై, వీడియో కుదింపు, సెల్ నెట్‌వర్కు వంటి వాటిలో అందరూ తప్పక వాడవలసిన పద్ధతుల మీద ఉన్న హక్కులు. అటువంటి హక్కులున్నవారు ఎవరికైనా సరే న్యాయమైన ధరకు, వివక్ష లేకుండా అనుమతి ఇస్తామని ప్రమాణాల సంస్థలకు ముందే మాట ఇచ్చి ఉంటారు. ఆ మాట వల్ల వాటి పదును సగం పోతుంది.

మైక్రోసాఫ్ట్‌తో నడిచిన వ్యాజ్యంలో ఇది స్పష్టంగా తేలింది. ఎక్స్‌బాక్స్, విండోస్ అమ్మకాల మీద మోటరోలా అడిగిన 2.25 శాతం ఏడాదికి 400 కోట్ల డాలర్లు దాటుతుందని అంచనా వేశారు. 2013 ఏప్రిల్‌లో సియాటెల్ ఫెడరల్ న్యాయమూర్తి జేమ్స్ రోబార్ట్ ఆ పేటెంట్లకు లెక్కకట్టిన న్యాయమైన ధర ఏడాదికి సుమారు 18 లక్షల డాలర్లు. వందల కోట్లు అడిగినచోట లక్షల్లో తేలింది. అంతకు ముందే 2013 జనవరిలో, ఇటువంటి పేటెంట్లతో పోటీదారుల వస్తువుల మీద నిషేధం తెచ్చే పద్ధతిని కట్టడి చేసుకుంటామని గూగుల్ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ఒప్పుకుని ఉంది. కాబట్టి పేటెంట్ల కోసం కొన్నారన్న మాట నిజం, కొన్నవి ఆశించినంత పనికివచ్చాయన్న మాట మాత్రం నేను ఒప్పుకోను.

లెక్కల పద్దు:
న్యాయమైన అభ్యంతరం. నా లెక్కలో మరో లోపం కూడా నేనే చెప్పాలి. మోటరోలా గూగుల్ చేతిలో ఉన్నంతకాలం నష్టాలు తెచ్చింది, 2013 చివరి మూడు నెలల్లోనే ఆ నష్టం 38.4 కోట్ల డాలర్లు. ఆ మొత్తాలన్నీ 434కు కలపాలి. అయినా 2014 మేలో ఆపిల్, గూగుల్ ఒకరి మీద ఒకరు వేసుకున్న దావాలను ఉపసంహరించుకున్నాయి. ఈ పేటెంట్లు చేతిలో లేకపోతే ఆ రాజీ అంత తొందరగా కుదిరేదని నాకు నమ్మకం లేదు. ఈ ఫలితానికి ధర కట్టే పద్ధతి మా వృత్తిలో ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

రిపేరు బల్ల:
నేను ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో పదిహేనేళ్లుగా ఫోన్లు బాగుచేస్తున్నాను. పెద్ద లెక్కలు నాకు తెలియవు కాని, నా బల్ల మీదికి వచ్చిన వస్తువు గురించి ఒక మాట చెబుతాను.

మోటో జి మొదటి తరం ఫోను మన దేశంలో 2014 ఫిబ్రవరి 5న విడుదలైంది. ఫ్లిప్‌కార్ట్‌లో మాత్రమే అమ్మారు, 8 జీబీది 12,499 రూపాయలు, 16 జీబీది 13,999. కొత్త ఫోను కొన్న కుర్రాళ్లు మా దుకాణానికి గాజు రక్షణ పొర అతికించమని తెచ్చేవారు, పెట్టె కూడా చేతిలోనే ఉండేది. ఆ పెట్టె మీద మోటరోలా పేరు కింద చిన్న అక్షరాలతో గూగుల్ కంపెనీ అని ఉండేది. ఆ మాట వేలుతో చూపించి, ఇది గూగుల్ వాళ్ల ఫోనండీ అని గర్వంగా చెప్పేవారు. ఇప్పుడు మీరు రాసిన తేదీలు చూస్తే నాకు అర్థమవుతున్నది, ఆ ఫోను మన చేతికి వచ్చేసరికే దాన్ని అమ్మేసినట్లు ప్రకటించి వారం గడిచింది.

వస్తువు మాత్రం బాగుండేది. వెనుక మూత గోటితో ఊడివచ్చేది, మధ్యలో వేలు ఆనడానికి చిన్న గుంట, దానిలో ఎం అక్షరం. మూత తీసిన తరువాత స్క్రూలు ఒక వరుసలో తేలికగా కనబడేవి. బ్యాటరీ మార్చడానికి నాకు పావుగంట సరిపోయేది. ఆ ధరలో అంత శుభ్రమైన ఆండ్రాయిడ్ అప్పట్లో మరొకటి లేదు. అంత మంచి ఫోను చేయగలిగిన కంపెనీని ఎందుకు వదులుకున్నారన్నది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పరిశీలకుడు:
రిపేరు బల్ల గారూ, మంచి ఫోను చేయడమే అక్కడ చిక్కు తెచ్చిపెట్టింది. ఆండ్రాయిడ్ ఫోన్లు అందరికంటే ఎక్కువగా అమ్ముతున్నది శాంసంగ్. గూగుల్ ఆదాయం ఫోన్ల మీద లాభం నుంచి రాదు, ఎవరి ఫోనైనా సరే అందులో జనం వెతికినప్పుడు కనబడే ప్రకటనల నుంచి వస్తుంది. తన సొంత మోటరోలా బాగా అమ్ముడైతే శాంసంగ్‌కు అనుమానం, అమ్ముడుకాకపోతే గూగుల్‌కు నష్టం. రెండు వైపులా కోతే. లెనోవో ప్రకటనకు రెండు రోజుల ముందు, 2014 జనవరి 27న, గూగుల్, శాంసంగ్ పరస్పరం పేటెంట్లు వాడుకునే దీర్ఘకాల ఒప్పందం ప్రకటించాయి. రెండింటి మధ్య ఏదో అవగాహన కుదిరిందని రుజువు చూపలేను కాని, ఆ వరుస చూస్తే నాకు అలాగే అనిపిస్తుంది.

ఇక లెనోవో సంగతి. దానికి కావలసింది అమెరికా, లాటిన్ అమెరికా దేశాల్లో అడుగు పెట్టే దారి. అక్కడి మొబైల్ సేవల కంపెనీలు కొత్త చైనా పేరును దుకాణంలో పెట్టడానికి ఏళ్లు పట్టిస్తాయి, మోటరోలా పేరుకు ఆ చోటు ముందే ఉంది. 2005లో ఐబీఎం నుంచి పీసీల వ్యాపారం కొని ఆ మార్కెట్టులో ఎదిగిన అనుభవం లెనోవోకు ఉంది. చెల్లింపు పద్ధతి కూడా చూడండి. 291 కోట్లలో 66 కోట్లు నగదు, 75 కోట్లు తన షేర్లు, మిగిలిన 150 కోట్లు మూడేళ్లలో తీర్చే ప్రామిసరీ నోటు.

ఇంకొక ముచ్చట. ఇదే లెనోవో 2008లో తన మొబైల్ విభాగాన్ని 10 కోట్ల డాలర్లకు అమ్మేసి, 2009 నవంబరులో అదే విభాగాన్ని సుమారు 20 కోట్లకు తిరిగి కొన్నది. మధ్యలో స్మార్ట్‌ఫోన్ గిరాకీ ఎటు పోతున్నదో తెలిసివచ్చింది.

అనంత వాణిజ్యం:
పరిశీలకుడు గారికి, రిపేరు బల్ల గారికి ధన్యవాదాలు. ఇంత యంత్రసామగ్రి ఉన్న కంపెనీలో కర్మాగారాల మాట ఎవరూ ఎత్తలేదేమిటి? వాటి విలువ ఎవరికి దక్కింది?

తడ రోడ్డు:
ఈ ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను. తడ, శ్రీసిటీ ప్రాంతంలో ఇతరుల పేర్ల మీద ఫోన్లు తయారుచేసి ఇచ్చే ఒక సంస్థలో లైన్ సూపర్‌వైజరుగా ఉన్నాను.

కర్మాగారాన్ని ఉంచుకోవాలని ఇప్పుడు చాలా ఫోన్ కంపెనీలకు ఉండదు. మోటరోలాను కొన్న ఏడాదిలోనే, 2012 డిసెంబరులో, గూగుల్ దాని చైనాలోని తియాన్‌జిన్ కర్మాగారాన్నీ బ్రెజిల్‌లోని తయారీ పనినీ, ఇతరులకు వస్తువులు చేసిపెట్టే ఫ్లెక్స్‌ట్రానిక్స్‌కు అప్పగించడానికి ఒప్పుకుంది. 2013లో అమెరికాలోనే ఫోను కూర్చాలని టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో ఒక కర్మాగారం తెరిచారు, 2014లో అదీ మూతపడింది.

మా పని చూస్తే కారణం తెలుస్తుంది. ఖాళీ బోర్డు లైనులోకి ఎక్కగానే స్టెన్సిల్ అనే చిల్లుల రేకు కింద పెట్టి సోల్డర్ పేస్టు పూస్తారు. తరువాత రీళ్లలో చుట్టి ఉన్న కెపాసిటర్లు, చిప్‌లు ఫీడర్ల నుంచి యంత్రం తలకాయ ఒక్కొక్కటీ పీల్చుకుని బోర్డు మీద పెడుతుంది, అక్కడి నుంచి బోర్డు ఓవెన్‌లోకి పోయి వస్తుంది. ఒక మోడల్ ఆగి మరొకటి ఎక్కాలంటే స్టెన్సిల్ మార్చాలి, రీళ్లు మార్చాలి, ప్రోగ్రాం మార్చాలి. అది ఒక షిఫ్టులో అయ్యే పని. పొద్దున ఒక కంపెనీ పేరు, రాత్రికి మరో కంపెనీ పేరు. యంత్రానికి పేరుతో పని లేదు. అదే యంత్రాలను ఒకే కంపెనీ సొంతంగా పెట్టుకుంటే, దాని ఫోన్లు అమ్ముడుపోని నెలల్లో అవి ఊరికే నిలబడి ఉంటాయి. అందుకే కొనేవాళ్లకు కర్మాగారం ఆస్తిగా కనబడదు, బరువుగా కనబడుతుంది. 2015లో షావోమీ ఫోన్లను శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ తయారుచేయడం మొదలుపెట్టినప్పుడు కూడా షావోమీ అక్కడ కర్మాగారం కొనలేదు, ఫాక్స్‌కాన్‌కు పని ఇచ్చింది.

ఎస్పూ తెలుగు:
ఫిన్లండ్ నుంచి నమస్కారం. నేను ఎస్పూలో నెట్‌వర్కు సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేస్తున్నాను. తడ రోడ్డు గారు బరువు అన్న మాట చదివిన తరువాత నోకియా గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను.

2013 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ నోకియా ఫోన్ల వ్యాపారాన్ని 544 కోట్ల యూరోలకు కొంటున్నట్లు ప్రకటించింది. అందులో ఫోన్ల వ్యాపారానికి 379 కోట్లు, పేటెంట్లు వాడుకునే అనుమతికి 165 కోట్లు. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ప్రధానమైన సాంకేతిక పేటెంట్లను నోకియా అమ్మలేదు, అనుమతి మాత్రమే ఇచ్చింది. హియర్ అనే తన మ్యాపుల వ్యాపారాన్ని అమ్మలేదు, నెట్‌వర్కుల వ్యాపారాన్ని అమ్మలేదు. నోకియా అనే పేరు కూడా కొంత కాలానికి వాడుకోవడానికే ఇచ్చింది. లెక్కల పద్దు గారి సూత్రం ఇక్కడ అమ్మినవారి వైపు నుంచి కూడా వర్తిస్తుంది.

మైక్రోసాఫ్ట్ ఎందుకు కొన్నది? 2011 ఫిబ్రవరిలో నోకియా అధిపతి స్టీఫెన్ ఎలోప్ ఫోన్లను నడిపే సొంత వ్యవస్థను పక్కన పెట్టి మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఫోన్‌ను ఎంచుకున్నారు. 2013 నాటికి ప్రపంచంలో అమ్ముడవుతున్న విండోస్ ఫోన్లలో పదికి తొమ్మిది నోకియావే. ఆ ఒక్క తయారీదారు జారిపోతే విండోస్ ఫోన్ అన్నదే ఉండదు. 2014 ఫిబ్రవరిలో బార్సిలోనాలో నోకియా ఎక్స్ అనే ఫోనును విడుదల చేసింది, అది నడిచింది ఆండ్రాయిడ్ మీద. ఆ పని అప్పటికే లోపల నడుస్తుండబట్టే మైక్రోసాఫ్ట్ తొందరపడిందని నా అభిప్రాయం. పెరగడం కోసం చేసే కొనుగోలు ఒక రకం, ఉన్నది పోకుండా చేసే కొనుగోలు మరో రకం. రెండో రకంలో కొనేవారికి బేరమాడే బలం ఉండదు.

ఈ కొనుగోలును అప్పటి అధిపతి స్టీవ్ బాల్మర్ తలపెట్టినప్పుడు, హైదరాబాదులో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల తన అభిప్రాయం వ్యతిరేకంగా చెప్పారు. ఆ మాట తరువాత ఆయనే రాశారు. 2014 ఫిబ్రవరిలో ఆయన అధిపతి అయ్యారు, ఏప్రిల్ 25న కొనుగోలు పూర్తయింది, జూలైలో 18,000 ఉద్యోగాల కోత ప్రకటించారు. వాటిలో సుమారు 12,500 నోకియా నుంచి వచ్చినవారివే. 2015 జూలైలో 760 కోట్ల డాలర్లను నష్టంగా పద్దులో రాసి మరో 7,800 ఉద్యోగాలు తీసివేశారు. ఇక్కడ సాలో అనే ఊరు నోకియా మీదనే బతికేది. అక్కడి కర్మాగారం 2012లో మూతపడింది, మిగిలిన ఉత్పత్తి రూపకల్పన విభాగం 2015 కోతలో పోయింది. 2016లో మామూలు ఫోన్ల వ్యాపారాన్ని ఫాక్స్‌కాన్ అనుబంధ సంస్థకు, హెచ్‌ఎండీ అనే కొత్త సంస్థకు 35 కోట్ల డాలర్లకు అమ్మారు.

నోకియా మాత్రం నిలబడింది. 2013లోనే సీమెన్స్ వాటా 170 కోట్ల యూరోలకు కొని నెట్‌వర్కుల వ్యాపారాన్ని పూర్తిగా తనది చేసుకుంది. మ్యాపులను 2015లో జర్మనీ కార్ల కంపెనీలకు 280 కోట్ల యూరోలకు అమ్మింది. ఆ తరువాత నెట్‌వర్కు పరికరాల సంస్థ అల్కాటెల్–లూసెంట్‌ను కలుపుకుంది. ఫోన్లు అమ్మిన సొమ్ము, ఉంచుకున్న పేటెంట్ల రాయల్టీ ఈ నడకకు ఊతమిచ్చాయి.

తడ రోడ్డు:
ఎస్పూ తెలుగు గారు సాలో గురించి రాశారు. చెన్నై దగ్గరి శ్రీపెరంబుదూరు గురించి కూడా ఈ చర్చలో ఉండాలి.

అక్కడి నోకియా కర్మాగారం 2006లో ఉత్పత్తి మొదలుపెట్టింది. బాగా నడిచిన రోజుల్లో ఎనిమిది వేల మంది వరకు నేరుగా పనిచేశారు, వారిలో చాలామంది అమ్మాయిలే. మైక్రోసాఫ్ట్ ఒప్పందంలో ఈ కర్మాగారం కూడా చేతులు మారవలసింది. సాఫ్ట్‌వేర్‌కు గాను ఫిన్లండ్ మాతృసంస్థకు కట్టిన చెల్లింపుల నుంచి పన్ను ముందే మినహాయించి కట్టలేదని ఆదాయపు పన్ను శాఖ 2013లో రెండు వేల కోట్ల రూపాయల పైబడిన డిమాండు పెట్టింది, ఆస్తులు జప్తులో పడ్డాయి. 3,500 కోట్ల రూపాయల హామీ ఇస్తేనే బదిలీ జరగాలన్న షరతు 2014 మార్చిలో సుప్రీంకోర్టులో కూడా మారలేదు. దానితో కర్మాగారం నోకియా పేరు మీదనే మిగిలి, మైక్రోసాఫ్ట్‌కు కొన్నాళ్లు పని చేసిపెట్టింది. మైక్రోసాఫ్ట్ ఆ పని ఆపేసింది, 2014 నవంబరు 1న ఉత్పత్తి నిలిచిపోయింది.

మా లైనులో అక్కడ పనిచేసి వచ్చిన ఒక అక్క ఉన్నారు. బోర్డు చేతిలోకి తీసుకునే ముందు మణికట్టుకు ఎర్తు పట్టీ కట్టుకున్నామా లేదా అని ఇప్పటికీ కొత్తపిల్లలందరినీ ఆవిడే వరుసగా చూసుకుంటూ వస్తారు. చెయ్యి తడమకుండానే కనెక్టరు సరిగా కూర్చున్నదో లేదో శబ్దాన్ని బట్టి చెబుతారు. పేటెంటుకు విలువ కట్టారు, పేరుకు విలువ కట్టారు, ఈ చేతికి వచ్చిన పనికి ఏ ఒప్పందంలోనూ ఒక వరుస లేదు. అనంత వాణిజ్యం గారూ, మీ పత్రంలో వీలైతే ఈ మాట రాయండి.

న్యాయ పీఠిక:
తడ రోడ్డు గారి మాటకు ఒక చేర్పు. పనివారి నైపుణ్యానికి ధర కట్టిన ఒప్పందం ఒకటి ఉంది, కాని అది ఇంజనీర్ల విషయంలో. 2017 సెప్టెంబరులో తైవాన్‌కు చెందిన హెచ్‌టీసీ నుంచి సుమారు 2,000 మంది ఉద్యోగులను గూగుల్ 110 కోట్ల డాలర్లకు తీసుకుంది. కర్మాగారం లేదు, హెచ్‌టీసీ పేరు లేదు, పేటెంట్ల మీద వాడుకునే అనుమతి మాత్రమే. గూగుల్ సొంత ఫోను పిక్సెల్ మీద పనిచేస్తున్న బృందమే వారిలో ముఖ్యం. మోటరోలాతో నేర్చిన పాఠం అక్కడ కనబడుతుంది, ఈసారి కావలసిన ముక్కను మాత్రమే కొన్నారు.

లెక్కల పద్దు:
కావలసిన ముక్క కూడా దక్కని కొనుగోలు హెచ్‌పీది. 2010 ఏప్రిల్‌లో పామ్ సంస్థను 120 కోట్ల డాలర్లకు కొన్నది, ముఖ్యంగా ఫోన్లను నడిపే వెబ్‌ఓఎస్ అనే దాని సాఫ్ట్‌వేర్ కోసం. 2011 జూలై 1న దానితో నడిచే టచ్‌ప్యాడ్ అనే టాబ్లెట్ విడుదల చేసి, ఆగస్టు 18న ఆపేసింది, అంటే ఏడు వారాలు. మధ్యలో అధిపతి మారారు, ఆలోచన మారింది. వెబ్‌ఓఎస్ 2013లో ఎల్‌జీకి చేరి ఇప్పుడు మన ఇళ్లలో టీవీల్లో నడుస్తున్నది.

పరిశీలకుడు:
సీమెన్స్ సంగతి కూడా చూడండి. 2005లో తన ఫోన్ల విభాగాన్ని తైవాన్ సంస్థ బెన్‌క్యూకు ఇస్తూ, డబ్బు పుచ్చుకోవడానికి బదులు 25 కోట్ల యూరోలు ఎదురిచ్చింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో బెన్‌క్యూ చేతులెత్తేయగా జర్మనీలోని ఆ సంస్థ దివాలాకు వెళ్లింది, సుమారు మూడు వేల ఉద్యోగాలు పోయాయి. కార్మికులను తానే తొలగించిన చెడ్డపేరు తప్పించుకోవడానికే సీమెన్స్ అలా చేసిందని అప్పట్లో జర్మనీలో తీవ్రమైన విమర్శ వచ్చింది.

పూర్తిగా వేరే కారణంతో జరిగిన అమ్మకం చైనా సంస్థ హువావేకు చెందిన హానర్ ఫోన్లది. 2019 మేలో అమెరికా హువావేను ఆంక్షల జాబితాలో చేర్చింది, 2020 సెప్టెంబరు మధ్య నుంచి అధునాతన చిప్‌లు అందడం ఆగిపోయింది. 2020 నవంబరు 17న హానర్‌ను షెన్‌జెన్‌లోని ఒక సమాఖ్యకు అమ్మింది. అందులో ముప్పైకి పైగా పంపిణీదారులు, డీలర్లు ఉన్నారు. హువావే ఒక్క షేరు కూడా ఉంచుకోలేదు. ఉంచుకుంటే ఆంక్ష వెంటపడుతుంది. 2021 జూన్‌లో హానర్ 50 అమెరికా సంస్థ క్వాల్‌కామ్ చిప్‌తో బయటికి వచ్చింది. అమ్మినందువల్లనే ఆ వ్యాపారం బతికింది.

రిపేరు బల్ల:
అందరూ ఎవరో ఒకరికి అమ్ముకున్నారు సరే. ఎల్‌జీ మాత్రం 2021లో ఫోన్లు ఎందుకు మూసేసింది? మా దగ్గరికి ఆ ఫోన్లు చాలానే వచ్చేవి, విడిభాగాలు ఇప్పటికీ అడుగుతుంటారు. కొనేవాళ్లు ఒక్కరూ దొరకలేదా?

లెక్కల పద్దు:
మంచి ప్రశ్న అడిగారు. 2021 ఏప్రిల్ 5న మూసివేత ప్రకటించేనాటికి ఆ విభాగం దాదాపు ఆరేళ్లుగా వరుస నష్టాల్లో ఉంది, ఆ నష్టాల మొత్తం 450 కోట్ల డాలర్ల దాకా చేరింది. వియత్నాంకు చెందిన ఒక పెద్ద సంస్థతో బేరం నడిచిందని పత్రికలు రాశాయి, కుదరలేదు. మూసేటప్పుడు ఎల్‌జీ ఏం చెప్పిందో గుర్తుచేసుకోండి. మొబైల్ సాంకేతికత మీద పరిశోధన, 6జీ పని కొనసాగిస్తామని, విద్యుత్ వాహనాల భాగాలు, ఇంటర్నెట్‌తో నడిచే గృహోపకరణాల వంటి వాటి మీద దృష్టి పెడతామని చెప్పింది. అంటే పేటెంట్లూ పరిశోధనా తనకే కావాలి. అవి తీసేస్తే కొనేవారికి మిగిలేది కర్మాగారాలు, అప్పటికే మార్కెట్టులో బలం తగ్గిన పేరు. కర్మాగారం సంగతి తడ రోడ్డు గారు చెప్పనే చెప్పారు.

అనంత వాణిజ్యం:
ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారని నేను అనుకోలేదు. పత్రం శీర్షిక మార్చుకుంటున్నాను. ధరల పట్టికకు బదులు, ప్రతి ఒప్పందంలో ఎవరి దగ్గర ఏం మిగిలిందో చూపించే పట్టిక వేస్తాను. పేటెంట్లు, పేరు, ఇంజనీర్లు, కర్మాగారాలు, కార్మికులు అని ఐదు నిలువు వరుసలు పెడుతున్నాను. తడ రోడ్డు గారూ, ఐదో వరుస మీవల్లనే వచ్చింది. శ్రీపెరంబుదూరు కర్మాగారం తరువాత ఏమైందో మీకు తెలిస్తే చెప్పగలరా? ఆ గడి ఒక్కటి ఖాళీగా ఉంది.

తడ రోడ్డు:
అయిదేళ్ల పాటు మూతపడి ఉంది. 2019 నవంబరులో సాల్‌కాంప్ అనే సంస్థ దాన్ని తీసుకుంటున్నట్లు కేంద్రమంత్రి రవిశంకర్ ప్రసాద్ ప్రకటించారు. ఆపిల్‌కు చార్జర్లు తయారుచేసి ఇచ్చే సంస్థ అది. ఇప్పుడు అక్కడ ఫోన్లు చేయరు, చార్జర్లు చేస్తారు. మా అక్కను అడిగాను, ఆవిడతో పనిచేసినవారిలో ఇద్దరు మళ్లీ అదే ప్రాంగణంలో చేరారట.